అరుదైన క్రికెట్ కార్డుకు ధర కట్టడం, బేరం ఆడటం ఎలా?

వారానికి రెండు మెసేజ్‌లైనా ఇవే. మంచం మీద దుప్పటి పరిచి తీసిన కార్డు ఫొటో, కింద ఒక్క లైను: "అన్నా, దీనికెంతొస్తుంది?" శ్రీకాళహస్తి నుంచి ఒకరు, చిత్తూరు నుంచి ఒకరు, మొన్న పుత్తూరు నుంచి ఇంకొకరు. వెనకవైపు ఫొటో పంపండి, మూలలు దగ్గర్నుంచి తీయండి అని అడిగీ అడిగీ నాకు విసుగు. ఈయన ధర చెప్పకుండా దాటేస్తున్నాడేమో అని వాళ్లకు అనుమానం. అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నాను. తీరిగ్గా ఒక సాయంత్రం కూర్చుంటే మీ కార్డుకు మీరే ధర కట్టుకోవచ్చు.

మన తిరుపతిలో చేతులు మారేవి ముఖ్యంగా నాలుగు రకాలు. తొంభైల్లో బబుల్ గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులు, టాప్స్ కంపెనీ వాళ్ల క్రికెట్ అటాక్స్ ఐపీఎల్ కార్డులు, అమెరికా నుంచి సెలవులకొచ్చిన మేనల్లుడు వదిలేసి వెళ్లిన బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ కార్డులు. పద్ధతి అన్నిటికీ ఒకటే.

కావలసినవి

మిల్లీమీటర్ల గీతలున్న స్టీలు స్కేలు. నగల పనివాళ్లు వాడే 10ఎక్స్ భూతద్దం. ఫోన్ టార్చి. కార్డు పెట్టుకోవడానికి నల్లటి గుడ్డ. పల్చటి ప్లాస్టిక్ స్లీవులు (కార్డు తొడుగులు), టాప్‌లోడర్లు (పైనుంచి కార్డు దించే గట్టి ప్లాస్టిక్ కవర్లు) కొన్ని. ఒక నోట్‌బుక్. వీటన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది దగ్గర లేనిది ఇంకొకటుంది: మీరు ధర కట్టబోయే కార్డు సిరీస్‌లోదే, పదీ ఇరవై రూపాయలకు దొరికే మామూలు కార్డు. దాన్నెవరూ నకిలీ చెయ్యరు, చేస్తే గిట్టదు. అసలుదానికి అదే మీ తూకం రాయి.

1. అది ఏ కార్డో ఖాయం చేసుకోండి

"సచిన్ కార్డు" అంటే ఏమీ చెప్పనట్టే. తయారుచేసిన కంపెనీ, సంవత్సరం, సిరీస్ పేరు, కార్డు నంబరు, రకం, ఈ ఐదూ నోట్‌బుక్‌లో రాయండి. వెనక అడుగున చీమతలంత అక్షరాల్లో కాపీరైటు సంవత్సరం ఉంటుంది, భూతద్దం పెట్టి చదవండి. పరుగుల పట్టికలో చివరి సీజన్ చూసి అదే కార్డు సంవత్సరం అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పట్టిక సాధారణంగా అంతకు ముందు సీజన్‌తో ఆగిపోతుంది.

రకం దగ్గరే డబ్బంతా ఉంది. ఒకే ఆటగాడు, ఒకే ఫొటో, ఒకే నంబరు ఉన్నా మామూలు అట్టకి ఒక ధర, మెరిసే ఫాయిల్‌కి ఇంకో ధర. కార్డు మీద 25/99 లాంటి అంకె అచ్చయి ఉంటే ఆ రకంలో తొంభైతొమ్మిదే అచ్చేశారని, మీది ఇరవైఐదోదని అర్థం. ఆ అంకె ఆటగాడి జెర్సీ నంబరే అయితే కొంతమంది ఎగబడి కొంటారు. నాకు ఆ పిచ్చి లేదు, అమ్మేటప్పుడు మాత్రం తప్పకుండా చెబుతాను.

పాతదీ అరుదైనదీ ఒకటి కాదని ఇక్కడే గుర్తుపెట్టుకోండి. అమెరికాలో ఎనభైల చివర నుంచి తొంభైల మొదటి వరకు బేస్‌బాల్ కార్డులు ఎంత విపరీతంగా అచ్చేశారంటే, ముప్పై ఐదేళ్ల తర్వాత కూడా వాటిలో ఎక్కువశాతానికి అట్ట ఖరీదు కూడా రాదు. మేనల్లుడి డబ్బా తెరిచేముందు ఈ సంగతి తెలిసుంటే ఆశాభంగం తగ్గుతుంది.

2. కండిషన్ చూడండి

ఇక్కడ తొందరపడొద్దు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఫ్యాన్ ఆపి కూర్చోండి. చూడాల్సినవి నాలుగు: బొమ్మ మధ్యలో ఉందా లేదా, మూలలు, అంచులు, పైపొర.

మధ్యలో ఉందో లేదో కొలిచే తెలుసుకోవాలి, కంటిని నమ్మొద్దు. ఎడమ అంచు తెల్లటి పట్టీ 3 మిల్లీమీటర్లు, కుడివైపు 2 అనుకోండి. మొత్తం 5. అందులో 3 అంటే 60 శాతం, 2 అంటే 40. మీ కార్డు 60/40. పైనా కిందా కూడా ఇలాగే. కార్డు కండిషన్ చూసి పదికి ఇంతని గ్రేడు ఇచ్చే పీఎస్‌ఏ లాంటి గ్రేడింగ్ సంస్థ 10 ఇవ్వాలంటే ముందువైపు ఇది దాదాపు 55/45 లోపల ఉండాలి. పట్టీ లేకుండా అంచు వరకూ బొమ్మే ఉంటే ఈ లెక్క కుదరదు. అలాంటప్పుడు మామూలు కార్డు పక్కన పెట్టి పేరు, లోగో ఎంత జరిగాయో పోల్చండి.

మూలలకు నల్లగుడ్డ. కార్డుని దానిమీద పెడితే అరిగిన మూల తెల్లటి దూదిలా కనిపిస్తుంది. దుప్పటి మీద ఫొటో వద్దని నేను గోల చేసేది ఇందుకే. మన కార్డుల్లో ఇంకో ప్రత్యేకమైన జబ్బుంది, రబ్బరుబ్యాండు. చిన్నప్పుడు కట్టగట్టి జేబులో వేసుకున్నవే కదా అన్నీ. పొడవాటి అంచుల మధ్యలో ఎదురెదురుగా చిన్న నొక్కులు పడుంటాయి, గోరుతో నిమిరితే తెలుస్తుంది. ఒక నొక్కుతో ధర సగానికి పడిపోవడం చూశాను.

పైపొరకు టార్చి. గదిలో లైటు తీసేసి, టార్చిని కార్డుకు పక్కనుంచి ఏటవాలుగా వేసి కార్డుని మెల్లగా తిప్పండి. నేరుగా చూస్తే కనపడని గీతలు, మడత, వేలిముద్ర అన్నీ బయటపడతాయి. 2021 నవంబరు వరదలప్పుడు మా ఇంట్లో కింది అరలో ఉన్న డబ్బా తడిసింది. ఆరబెట్టాక కార్డులు బాగానే ఉన్నాయనుకున్నాను. టార్చి వేస్తే పైపొరంతా సన్నటి అలలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత గోనెసంచి వాసన. కొనేటప్పుడు వాసన చూడటానికి సిగ్గుపడకండి.

ఎట్టి పరిస్థితిలోనూ శుభ్రం చెయ్యొద్దు. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. ఒక పాత కార్డు మీద ఎవరో బాల్‌పెన్‌తో గీసిన చిన్న గీతని రబ్బరుతో తుడిచాను. గీత పోయింది, దాంతోపాటు రూపాయి బిళ్లంత మేర మెరుపూ పోయింది. గీతతో అయితే ఎవరో ఒకరు కొనేవాళ్లు. అలాగే అన్నం మెతుకులతో నోట్‌బుక్‌లో అంటించిన బబుల్ గమ్ బొమ్మల్ని నీళ్లతో తడిపి ఊడదియ్యకండి. పేజీ పేజీగానే అమ్మండి, అలా కొనేవాళ్లున్నారు.

3. అసలుదో నకిలీదో తేల్చుకోండి

ఇప్పుడు మామూలు కార్డు బయటికి తీయండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి పొడవు, వెడల్పు కొలవండి. ఇప్పటి కార్డులు చాలావరకు 63 బై 88 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. పాతవాటికి వాటి కొలత వాటిదే, అందుకే పుస్తకంలో అంకె కంటే పక్కన కార్డు నమ్మకం. ఏ పక్కైనా కొంచెం తక్కువుంటే, అరిగిన అంచుని ఎవరో కత్తిరించి కొత్తగా చేసుండొచ్చు. కత్తిరించిన అంచు మరీ పదునుగా, మిగతా మూడు అంచులతో పొంతన లేకుండా ఉంటుంది.

తర్వాత భూతద్దంతో నల్లటి అక్షరాలు చూడండి. అసలు అచ్చులో బొమ్మ రంగురంగుల చుక్కలుగా కనిపించినా, నల్ల అక్షరాలు సాధారణంగా నిండుగా, అంచు తెగినట్టుగా ఉంటాయి. స్కాన్ చేసి మళ్లీ అచ్చేసినదాంట్లో అక్షరాలు కూడా చుక్కలుగా విరిగిపోతాయి. మీ మామూలు కార్డు అక్షరాలు ఎలా ఉంటే ఇవీ అలాగే ఉండాలి.

గ్రేడింగ్ చేసిన ప్లాస్టిక్ పెట్టెలో ఉంటే దానిమీది సర్టిఫికెట్ నంబరుని ఆ సంస్థ వెబ్‌సైట్లో కొట్టి చూడండి. నంబరు దొరికింది కదా అని అక్కడితో ఆగొద్దు. అసలు కార్డు నంబరునే నకిలీ పెట్టె మీద వేసేవాళ్లున్నారు. వెబ్‌సైట్లో ఫొటో ఉంటే గీత గీతా పోల్చండి.

సంతకాల సంగతి తిరుపతిలో ప్రత్యేకం. క్రికెటర్లు దర్శనానికి వస్తూనే ఉంటారు. కాబట్టి "రేణిగుంట ఎయిర్‌పోర్టులో నేనే దగ్గరుండి పెట్టించుకున్నా" అనే కథ ప్రతి రెండో కార్డుకీ ఉంటుంది. నిజమే కావచ్చు. కానీ కథకి డబ్బులివ్వొద్దు. కంపెనీయే సంతకం చేయించి అచ్చేసిన కార్డయినా ఉండాలి, గుర్తింపున్న సంస్థ పరీక్షించి ఇచ్చిన కాగితమైనా ఉండాలి. రెండూ లేకపోతే సంతకం లేని కార్డుగానే ధర కట్టండి. మీదే అయితే పెట్టిస్తున్నప్పటి వీడియో కార్డుతోపాటు ఇవ్వండి, కాస్త విలువ పెరుగుతుంది.

4. అమ్ముడుపోయిన ధరలు వెతకండి

అడుగుతున్న ధర ధర కాదు. ఎవడైనా తన కార్డుకు యాభైవేలని పెట్టుకుని మూడేళ్లు కూర్చోవచ్చు, అడ్డెవరు? ఈబే అనే అమ్మకాల సైట్లో వెతికేటప్పుడు ఫిల్టర్‌లో "సోల్డ్ ఐటమ్స్" నొక్కండి. అక్కడ ధర మీద కొట్టివేత గీత ఉంటే, బేరం ఆడి తక్కువకి తీసుకున్నారని. అలాంటివాటి అసలు ధర 130పాయింట్ అనే సైట్లో చాలావరకు దొరుకుతుంది. మన దేశంలోనే అమ్ముడుపోయే క్రికెట్ కార్డులకైతే కలెక్టర్ల గ్రూపుల్లో "సోల్డ్" అని పెట్టిన పాత పోస్టులు వెనక్కి వెళ్లి చూడండి.

అదే కార్డు, అదే రకం, అదే కండిషన్, గత మూడు నాలుగు నెలలు. ఈ నాలుగూ కలిసినవే రాసుకోండి. ఉదాహరణకి మీ ఫాయిల్ కార్డుకు ఐదు అమ్మకాలు దొరికాయనుకుందాం: 2,600, 3,100, 3,200, 3,400, 7,500. సగటు తీస్తే 3,960 వస్తుంది. ఆ ధరకి ఒక్కడూ రాడు, ఎందుకంటే ఆ 7,500 మొత్తం లెక్కని పైకి లాగేసింది. ఏ ఫైనల్ గెలిచిన రాత్రో ఇద్దరు పట్టుదలకు పోయి పాడుకున్న ధరై ఉంటుంది. వరసలో మధ్యదాన్ని తీసుకోండి, 3,200. మీ ధర అక్కడ మొదలవుతుంది.

పాత రికార్డు ధరలు పట్టుకుని వేలాడితే ఏమవుతుందో చెప్పడానికి బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ 1986 ఫ్లీర్ కంపెనీ కార్డు చాలు. పీఎస్‌ఏ 10 గ్రేడులో అది 2021 జనవరి చివర్లో 7,38,000 డాలర్లకు పోయింది. ఏడాదిన్నర తిరిగేసరికి అదే గ్రేడు కార్డు 2 లక్షల డాలర్ల చుట్టుపక్కలకు దిగొచ్చింది. కార్డు అదే, గ్రేడూ అదే. ఇక 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లు పలికిన బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ 1952 టాప్స్ కార్డు వార్తని ఫోన్లో చూపించి బబుల్ గమ్ బొమ్మకు ధర చెప్పేవాళ్లతో నేను వాదించను. టీ తాగి లేచొస్తాను.

విదేశీ ధరని రూపాయల్లోకి మార్చి అదే అడగొద్దు. అక్కడ అమ్మినవాడికి సైటు కమిషన్ పోను మిగిలేది తక్కువ. మీ కార్డు అక్కడికి చేరాలంటే కొరియర్ ఖర్చుంది. ఇక్కడ కొనేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. నా వరకు నేను ఆ ధరలో మూడొంతులు, అంటే 75 శాతం దగ్గర మొదలుపెడతాను. ధోనీ, కోహ్లీ లాంటివాళ్ల క్రికెట్ కార్డులకు మాత్రం ఈ కోత పెట్టను, వాటి గిరాకీ ఇక్కడే ఎక్కువ.

అమ్మకాలే దొరక్కపోతే? అదే సిరీస్‌లో అంతే పేరున్న ఇంకో ఆటగాడి కార్డు చూడండి. అదీ లేకపోతే ముగ్గురు కలెక్టర్లని విడివిడిగా అడగండి. "దీని విలువెంత?" అని కాదు, "నువ్వైతే ఎంతిస్తావు?" అని. మొదటిదానికి అందరూ పెద్దమనసుతో జవాబిస్తారు. రెండోదానికి నిజం చెబుతారు.

గ్రేడింగ్‌కి పంపాలా అని అడుగుతారు. ఫీజు డాలర్లలో, రానూపోనూ కొరియర్, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్. పది వేలు దాటని కార్డుకి నేనైతే పంపను.

5. మూడు అంకెలు రాసుకోండి

బేరానికి బయల్దేరే ముందు ఇంట్లోనే రాయాలి. పై ఉదాహరణలో అమ్మేవారికి: నోటితో చెప్పేది 3,600, రావాలనుకునేది 3,200, ఇంతకంటే తగ్గితే లేచి వచ్చేసేది 2,800. కొనేవారైతే ఇదే తలకిందులుగా. మూడో అంకె గురించి ఎవరికీ చెప్పొద్దు, పక్కనొచ్చే స్నేహితుడికి కూడా. వాడు మీ మంచి కోరే నోరు జారతాడు.

6. బేరం

కలిసే చోటు వెలుతురుగా, బల్ల పొడిగా ఉండాలి. మేము ఎస్వీ యూనివర్సిటీ వైపు ఒక టీ కొట్టు దగ్గర కలుస్తాం. కార్డులు ఒక బెంచీ మీద, టీ గ్లాసులు ఇంకో బెంచీ మీద. ఈ నియమం ఒకసారి తప్పాక వచ్చింది.

ధర బాగా తెలిసినవాళ్లు ముందు నోరు విప్పొచ్చు. తెలియనివాళ్లు అవతలివాళ్లని చెప్పనివ్వండి. మొన్న నడిచిన బేరం దాదాపు ఇలా:

"ఎంత చెప్తావన్నా?"

"మూడువేల ఆరొందలు."

"యాడికన్నా! రెండువేలకియ్యి, ఇప్పుడే ఫోన్‌పే కొడతా."

నేనేమీ మాట్లాడకుండా నోట్‌బుక్ తిప్పి అతని ముందు పెట్టాను. తేదీలు, ధరలు, వరసగా. అతను వేలు పెట్టి చదువుకున్నాడు. కార్డు తీసుకుని కుడి మూల వెలుతురుకు పెట్టి చూశాడు.

"మూల కొంచెం తెల్లబడింది కదన్నా."

"అవును, తెల్లబడింది. మూడువేల మూడొందలు చేసుకో."

"రెండువేల ఎనిమిదొందలు. నా మాట కూడా ఉండాల."

ఇక్కడ చాలామంది కంగారుపడి ఏదో ఒకటి మాట్లాడేస్తారు. నేను టీ తాగాను. అతనూ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "మూడువేలు. ఆ బుమ్రా కార్డు కొసరెయ్యి" అన్నాడు.

"బుమ్రా కాదు. పక్కన జడేజా తీస్కో."

తెగింది. కావాలంటే ఇంకో వంద లాగొచ్చు. కానీ అతను వచ్చే నెల మళ్లీ రావాలి కదా. చిన్న ఊర్లో కొనేవాడు ఒక్కసారి మొహం చాటేస్తే కార్డు ఎంత అరుదైనా పెట్టెలోనే ఉంటుంది.

ఇందులోంచి మీరు వాడుకోదగ్గవి చెబుతాను. లోపం అవతలివాళ్లు చూపిస్తే ఉన్నమాట ఒప్పుకోండి, దానికో ధర తగ్గించండి, అక్కడితో ఆ లోపం మాట మళ్లీ రాదు. డబ్బు దగ్గర ఆగిపోతే కొసరుతో దాటండి. అందుకే జేబులో ఎప్పుడూ నాలుగు చిన్న కార్డులుంచుకోండి. కొనేటప్పుడు కార్డుని తిట్టొద్దు. "ఇదేం కార్డు" అన్న మాటకి పోయిన బేరాలు, ధర కుదరక పోయినవాటికంటే ఎక్కువ చూశాను.

మార్పిడి అయితే ఒక మోసం, తెలియకుండానే మనమే చేసేది: మన కార్డుకు అడిగే ధర, వాళ్ల కార్డుకు అమ్ముడుపోయే ధర వేసి తూచడం. రెండిటికీ ఒకే రకం ధర వేయండి, తేడా డబ్బుతో సరిచేయండి.

డబ్బా మొత్తం గుత్తగా అమ్ముతామంటే కొనేవాళ్లకు లాభం, మీకు తలనొప్పి తగ్గుతుంది. కానీ ముందు అన్నిటికంటే విలువైన పది కార్డులు ఏరి పక్కన పెట్టి, మిగతావే గుత్తకి మాట్లాడండి.

ఇంకో మాట. బళ్లో చదివే పిల్లాడు నాన్న పాత కార్డులు తెచ్చి చవగ్గా ఇస్తానంటే తీసుకోకండి. ఇంటికి ఫోన్ చేయించండి. ఒకరి బేరం నడుస్తుండగా మధ్యలో దూరి ఎక్కువ ధర చెప్పడం కూడా మన మధ్య పద్ధతి కాదు. వాళ్లు లేచాక మాట్లాడండి.

7. డబ్బు, అప్పగింత

స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. మీ బ్యాంకు ఖాతాలో పడిందని చూసుకున్నాకే కార్డు వదలండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ఎవరైనా "రిక్వెస్ట్ పంపా, పిన్ కొట్టు, డబ్బు పడుతుంది" అంటే అక్కడే ఆపేయండి.

దూరం వాళ్లయితే ముందు వీడియో కాల్‌లో కార్డుని టార్చి కింద తిప్పి చూపించమనండి. కొంత బయానా, మిగతాది పంపేముందు. పంపేటప్పుడు కార్డు స్లీవులో, స్లీవు టాప్‌లోడర్‌లో, దాని నోరు టేపుతో మూసి, టేపు కొన మడిచి పెట్టండి, లాగితే ఊడొచ్చేలా. అటూ ఇటూ రెండు గట్టి అట్టలు, ఆపైన ప్లాస్టిక్ కవరు. వానాకాలమైతే ఆ కవరు రెండు పొరలు. అందుకునేవాళ్లు పార్సిల్ కత్తిరించడం మొదలుపెట్టినప్పటి నుంచి వీడియో తీయాలి, సగం విప్పాక తీసింది గొడవొస్తే పనికిరాదు.

మీ ధర సరిగ్గా ఉందా?

చెప్పిన వెంటనే అవతలివాళ్లు ఫోన్ తీసి డబ్బు కొట్టేస్తే తక్కువ చెప్పారు. బాధపడకండి, తేదీతో సహా రాసుకోండి. పదిమందికి చూపించినా ఒక్కరూ ఎదురు ధర కూడా చెప్పకపోతే ఎక్కువ చెప్పారు. ఎదురు ధరలు వచ్చి అవన్నీ ఒకే అంకె చుట్టూ తిరుగుతుంటే, మార్కెట్ ధర ఆ అంకెకు కొంచెం పైన ఉంటుంది.

అమ్మిన మూడు నెలలకు అదే కార్డు అమ్మకాలు మళ్లీ చూసి, నోట్‌బుక్‌లో మీ ధర పక్కన రాయండి. నా నోట్‌బుక్‌లో మొన్న టీ కొట్టు దగ్గర అమ్మిన కార్డు పక్కన ఆ గడి ఇంకా ఖాళీగా ఉంది. దాని కింది వరసలో కిందటేడు 1,500కి ఇచ్చేసిన కార్డుంది, పక్కన ఎర్ర పెన్నుతో 2,900. ఆ రోజు అమ్ముడుపోయిన ధరలు వెతకడానికి బద్ధకించాను, నాలుగో మెట్టు ఎగ్గొట్టాను.